తెలివికి పట్టిన మచ్చ



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ మాస్టారి దగ్గరే నేను తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఒకసారి వ్యాసంలో మా తాతగారిని ‘కన్నింగ్’ వైద్యుడని రాశాను. పాత నిఘంటువులో ఆ మాటకు ‘నేర్పరి’ అన్న అర్థం కనిపించింది మరి. మాస్టారు కొట్టివేయలేదు. పక్కన ఎర్రసిరాతో ‘1611లో ఇది ఒప్పే’ అని రాశారు.

ఇంగ్లండులో జేమ్స్ రాజు చేయించిన బైబిలు అనువాదం వెలువడిన ఏడది. అందులో దావీదు వాద్యం వాయించడంలో కన్నింగ్. 137వ కీర్తనలో కుడిచేయి మరచిపోగల విద్య పేరూ అదే. సరిగ్గా అక్కడే మన తెలుగు బైబిలు ‘నేర్పు’ అన్న మాట వేసింది. అంతకన్నా చక్కని అర్థం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. పాత ఇంగ్లీషులో ‘కున్నన్’ అంటే ఎరుగు, చేతనగు. నేటి ‘క్యాన్’ కూడా దాని సంతానమే. సంస్కృతంలోని ‘జ్ఞా’ దీనికి తోబుట్టువు.

మరి ఆ నేర్పు జిత్తులమారితనంగా ఎలా మారింది? ఆ దేశపు పల్లెల్లో మందూ మంత్రమూ తెలిసినవాళ్లను, పోయిన సొమ్ము జాడ చెప్పేవాళ్లను ‘కన్నింగ్’ మనుషులనేవారు. తెలిసినవాడు ఊరికి కావాలి. వాడంటే ఊరికి భయం కూడా. ఆ భయమే మాటకు అంటుకుందని నా నమ్మకం.

మన ‘జాణ’ గతీ ఇంతే. అదీ జ్ఞా నుంచే, ప్రాకృతం మీదుగా మనకు చేరింది. నేర్పరి, రసమెరిగినవాడు అని దాని అర్థం, మగవాడికీ చెల్లేది. ఇప్పుడు ఆడదాన్ని చూసి కొంటెగా నవ్వుతూ అనే మాటైంది. ఇది నన్ను బాధిస్తుంది.

‘విట్’ మాత్రం పరువు నిలుపుకుంది. మన విద్యకూ వేదానికీ మూలమైన ‘విద్’ ధాతువుకు అది చుట్టం. ఆంగ్లో-సాక్సన్ రాజుల పెద్దల సభను ‘విటనగెమోట్’ అనేవారు, అంటే తెలిసినవాళ్ల కూటమి. ‘స్మార్ట్’ మొదట మంట పెట్టేది, నొప్పించేది. ‘అక్యుమెన్’ లాటిన్‌లో మొన. మనకూ దర్భమొనను తలపించే కుశాగ్రబుద్ధి ఉంది. ‘క్లెవర్’ను 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో తక్కువరకం మాటగా లెక్కగట్టాడు.

అన్నిటికన్నా వింత ‘ష్రూడ్’ది. ఒకప్పుడు దుష్టుడు, కీడు చేసేవాడు అని దాని అర్థం. నేడు లాభం ముందే పసిగట్టే వ్యాపారిని మెచ్చుకుంటూ అనే మాట. నాటువైద్యుడి తెలివికి మచ్చ, వర్తకుడి తెలివికి మెప్పు! మాటలు వాటంతట అవి పైకీ కిందికీ పోవు. ఎవరి తెలివిని లోకం గౌరవించిందో, ఎవరిదాన్ని శంకించిందో ఆ లెక్కే వాటి అర్థాల్లో పడి ఉంటుంది.

ఈ సభలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. మీ పిల్లల్లో ఒకరు రేపు ఎవరినో మెచ్చుకుంటూ ‘జాణ’ అని రాయవచ్చు. కొట్టివేసే ముందు దయచేసి ఒక్కసారి పాత నిఘంటువు తెరవండి.