ముందు చీటీ - తర్వాతే రంగు



సంక్రాంతి వస్తోందంటే, ఇంట్లో పెళ్లంటే గోడలకు రంగులు వేయిస్తారు. ఈ పనిని ఆలుమగలు కలిసి గుత్తకు పట్టడమూ ఉంది. మగవాడు నిచ్చెన ఎక్కుతాడు. ఆడమనిషి పాత సున్నం గీకుతుంది. గరుకు కాగితంతో రుద్దుతుంది. లప్పం కలుపుతుంది. కింది గోడకు తనే రంగు వేస్తుంది. చివరకు నేల మీద మరకలు కడుగుతుంది.

మరి రేటు ఎలా చెప్తారు? "మొత్తం ఎంతవుతుంది మేస్త్రీ?" అంటాడు ఇంటాయన. మేస్త్రీ గదిని ఒకసారి చూసి, నోటికొచ్చిన అంకె చెప్తాడు. అందులో ఆడమనిషి కష్టం ఉందా? చాలాసార్లు ఉండదు. పైగా నోటిమాటకు సాక్ష్యం లేదు. "తలుపులకూ వేస్తానన్నావు కదా" అని పని మధ్యలో గొడవ.

అందుకే ముందు చీటీ రాయాలి. దీన్నే ఎస్టిమేటు అంటారు, కొటేషను అంటారు. కూడిక, తీసివేత, గుణకారం వస్తే చాలు.

మొదట టేపుతో కొలవాలి. ఒక గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10 అనుకోండి.

నాలుగు గోడల చుట్టుకొలత: 12 + 10 + 12 + 10 = 44
గోడలు: 44 × 10 = 440 చదరపు అడుగులు
పైకప్పు: 12 × 10 = 120
మొత్తం: 560
తలుపు (3 × 7 = 21), కిటికీ (4 × 3 = 12) తీసేస్తే: 560 - 33 = 527

ఈ అంకె చెప్తే, రెండు పూతలకు ఎంత రంగు కావాలో దుకాణంలో చెప్తారు. డబ్బా మీద కూడా రాసి ఉంటుంది.

తర్వాత రోజులు లెక్కపెట్టాలి. గీకడం ఒక పని. లప్పం ఒక పని. మొదటి పూత ఆరితేనే రెండో పూత. చెమ్మ గోడకు రంగు నిలవదు, ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇద్దరికి 4 రోజుల పని, ఒక్కొక్కరికి రోజుకు 700 రూపాయలు అనుకోండి. ఇద్దరివీ కలిపి 8 కూలీలు. 8 × 700 = 5,600 రూపాయలు. అదే మేస్త్రీ అడుగుకు 8 రూపాయల లెక్కన ఒప్పుకుంటే? 527 × 8 = 4,216 రూపాయలే. దాదాపు రెండు కూలీలు పోయినట్టే. ఆ పోయేది ఎవరి కూలి? లెక్కలో రాయని మనిషిది.

స్త్రీ, పురుషులకు సమాన కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. ఇంటి లెక్కలోనూ అది కనబడాలి.

చీటీలో ఇవి ఉండాలి:

1. తేదీ, ఇంటివారి పేరు
2. ఏ గదులు, ఎన్ని చదరపు అడుగులు
3. ఏ రంగు, ఎన్ని పూతలు
4. రంగు, లప్పం, కుంచెలు ఎవరు కొనాలి
5. కూలి - ఎంతమంది, ఎన్ని రోజులు
6. తలుపులు, కిటికీల రంగుకు వేరే రేటు
7. బయానా ఎంత, మిగతా డబ్బు ఎప్పుడు
8. ఇద్దరి సంతకాలు

చీటీ రెండు రాయాలి. ఒకటి ఇంటివాళ్లకు, ఒకటి పనివాళ్లకు. మధ్యలో పని పెరిగితే, ఆ పనీ దాని రేటూ అదే చీటీ కింద రాసి మళ్లీ సంతకాలు పెట్టించాలి. డబ్బు ముట్టిన రోజున ఎంత ముట్టిందో రాసుకోవాలి.

"ఇంత రాత ఎందుకమ్మా, నమ్మకం లేదా?" అనేవాళ్లుంటారు. "నమ్మకం ఉంది బాబూ. అది చెడకుండా ఉండాలనే రాసుకుంటున్నాం" అంటే సరిపోతుంది.