జీర్ణశకటోద్ధరణము

(మూసాపేటలో ఆయుధపూజ సందర్భమున మెకానికుల సభలో చేసిన ఉపన్యాసము)



దేవాలయము శిథిలమైనచో దానిని బాగుచేయుట పుణ్యకార్యమని ఎంచి, మన పెద్దలు ఆ పనికి జీర్ణోద్ధరణమని పేరు పెట్టిరి; కాని ఇరువదియేండ్లపాటు ఒక కుటుంబమునకు అన్నము పెట్టిన పికప్పు వ్యాను శిథిలమైనపుడు మాత్రము, దానిని తూకమునకు వేసి క్రొత్తదానికి నెలసరి వాయిదాలు కట్టుకొనుటయే వివేకమని నేడు పలువురు బోధించుచున్నారు. వారి మాటలో సత్యము లేకపోలేదు. ఛాసిస్ తుప్పుపట్టి పొరలుగ ఊడిపోవుచున్న బండిపై డబ్బు ధారపోయుమని నేనును చెప్పను. ఛాసిస్ దృఢముగ నుండి, గేరుబాక్సు, యాక్సిలు ఇంకను పనికి ఓర్చునట్లున్న బండి ఎదుట నిలిచినపుడు, పని ఎచ్చట మొదలుపెట్టి ఏ క్రమమున సాగింపవలెనన్నదే నేటి ప్రసంగవిషయము.

ఈ మాటలు చెప్పుటకు మూసాపేటకంటె తగిన చోటు అరుదు. మనకు కూతవేటు దూరముననున్న సనత్‌నగరులో 1942లో నెలకొన్న ఆల్విన్ కర్మాగారము బస్సులకు బాడీలు కట్టినది, రిఫ్రిజిరేటర్లు, చేతి గడియారములు చేసినది, చివరకు నేడు వేలమంది కాపురముండు కాలనీకి తన పేరునే విడిచిపోయినది. ఆ ఆల్విన్ సంస్థయే 1980వ దశకమున జపానుకు చెందిన నిస్సాన్‌తో చేయికలిపి, ఈ చౌరస్తా మీదుగ పోవు బొంబాయి రహదారి వెంబడినే యున్న జహీరాబాదులో క్యాబ్‌స్టార్ అను చిన్న లారీని నిర్మింపజేసినది. టొయోటా, మాజ్దా, మిత్సుబిషి బండ్లు దేశములో తక్కినచోట్ల అడుగిడిన కాలమదియే. పిమ్మట ఆ జహీరాబాదు కర్మాగారము మహీంద్రావారి పరమైనది. 1968లో బాలానగరున వెలసిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థను కూడ ఇచ్చట స్మరింపవలెను. ఏలయనగా, మిల్లీమీటరులో నూరవ వంతు కూడ ఒక కొలతయేనను సంస్కారమును ఈ ప్రాంతమునకు అలవరచిన సంస్థలలో అది యొకటి. ఆ సంస్కారము మన షెడ్లలోనికి ఎంతవరకు వచ్చినదన్నది వేరు ప్రశ్న. దాని సంగతి తరువాత చెప్పెదను.

ఇప్పుడీ పాత బండ్లు చేయు పని మారినది. ఏపీ 28 నంబరుతో నేటికిని తిరుగుచున్న పికప్పు ఒకనాడు శంషాబాదునుండియో శంకరపల్లినుండియో కూరగాయల మూటలు తెచ్చెడిది. నేడు కార్యాలయముల కుర్చీలను, మంచినీటి డబ్బాలను, క్యాటరింగువారి పాత్రలను ఎత్తుకొని, 2022లో తెరచిన కైతలాపూర్ వంతెనమీదుగ హైటెక్ సిటీకి పోవుచున్నది. దూరము స్వల్పమే, కాని మెట్రో స్తంభముల నడుమ అడుగడుగున ఆగుచు, ఇంజను మందముగ తిరుగుచుండగా రేడియేటరుకు గాలి చాలక, వైశాఖపు టెండలో ఆ బండి పడు బాధ తెరపిగానున్న రహదారిలో నూరు కిలోమీటర్ల ప్రయాణమున కూడ పడదు. ‘బండి హీటవుతోంది’ అని డ్రైవరు చెప్పగానే మన మేస్త్రీ చేయు మొదటి చికిత్స థెర్మోస్టాటును పీకి అవతల పారవేయుట.

ఈ యొక్క అలవాటును గూర్చి కొంత విస్తరించి చెప్పుటకు అనుమతింపుడు. నీరు సుమారు 80 డిగ్రీలు దాటువరకు రేడియేటరు త్రోవను మూసియుంచి, దాటిన తరువాత తెరచు చిన్న కవాటమే థెర్మోస్టాటు. దానిని తీసివేసినచో ఇంజను చలికాలపు వేకువలలో ఎంతసేపటికిని తగిన వేడికి రాదు. డీజిలు పూర్తిగ కాలక, బోరు గోడలమీది ఆయిలు పొరను కడిగివేయుచు క్రిందికి దిగి ఆయిలును పలుచన చేయును. రింగులు అరిగి, కాలక్రమమున ‘ఇంజను బోరుకొచ్చింది’ అను తీర్పు వెలువడును. ఇంతేకాక, బైపాసు మార్గమున్న ఇంజనులలో థెర్మోస్టాటు లేనపుడు ఆ మార్గము ఎల్లప్పుడును తెరచియేయుండి, కొంత నీరు రేడియేటరు ముఖము చూడకయే వెనుకకు మరలును. అనగా, వేడి తగ్గింపనెంచి చేసిన పనియే వేడిని పెంచును. అసలు దోషమెచ్చటనున్నది? ఏండ్ల తరబడి పోసిన బోరింగు నీటిలో. ఈ రాతినేలలోని కఠినజలము రేడియేటరు గొట్టములలోను, హెడ్డులోను సున్నపు పొరలు కట్టియుండగా, కవాటముపై కోపించి ప్రయోజనమేమి? రేడియేటరు విప్పించి కడిగించి, కూలెంటు పోసి, క్రొత్త థెర్మోస్టాటును బిగించుటకు ముందు గిన్నెడు వేడినీటిలో థర్మామీటరుతోపాటు వ్రేలాడదీసి, అది ఏ వేడికి నోరు తెరచునో కన్నులారా చూడుడు. ఒక చాయ త్రాగు సమయముకంటె ఎక్కువ పట్టదు.

బ్రేకుల విషయమును డ్రైవరు సోదరులు ప్రత్యేకముగ వినవలెను. పెట్రోలు ఇంజను పీల్చు గాలిలోనే బ్రేకు బూస్టరుకు కావలసిన వాక్యూము దొరకును; మన పాత డీజిలు ఇంజనులో అది దొరకదు గనుక, పెక్కు పికప్పులలో ఆల్టర్నేటరు తోకకు ఒక చిన్న పంపును అమర్చిరి. ఛార్జింగు బాగున్నదని ఆల్టర్నేటరును ఎవ్వరును తాకరు. దాని తోకనున్న పంపు మాత్రము అరిగి, పెడలు రాయివలె బిగిసిపోవువరకు లోకమునకు తెలియదు. ఇంజను ఆపి, పెడలును నాలుగైదుసార్లు త్రొక్కి, త్రొక్కిన కాలు తీయక ఇంజను స్టార్టు చేయుడు. పెడలు కాలిక్రింద కొంచెము దిగవలెను. దిగలేదా, ఆ దినమున సరకు ఎక్కింపకుడు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండిని ఆపుటకంటె 60లో పోవుదానిని ఆపుటకు బ్రేకులు రెండేకాలు రెట్ల శక్తిని హరింపవలెను. అందువలన బండికి వేగము పెంచదలచినవాడు ముందుగ డ్రమ్ములు, లైనింగులు, వీలు సిలిండర్ల కప్పులు చూపింపక ఇంజను జోలికి పోరాదు. కమాన్లకు మరియొక పట్టీ వేయించి రెట్టింపు సరకు నింపువారికి కూడ ఇదియే నా మనవి: పట్టీ వేసినంతమాత్రమున యాక్సిలు బలపడదు, బ్రేకు అసలే బలపడదు.

విద్యుత్తు సంగతి క్లుప్తముగ చెప్పెదను. సెల్ఫు బరువుగ తిరిగినంతనే బ్యాటరీ మార్చుట మన ఆచారము. సెల్ఫు తిరుగుచుండగా మీటరు తీగ నొకదానిని బ్యాటరీ నెగెటివు కడ్డీకి, రెండవదానిని ఇంజను దిమ్మెకు ఆనించి చూడుడు. అర వోల్టుకు మించి చూపినచో దోషము బ్యాటరీది కాదు, తుప్పుపట్టిన ఎర్తు తీగది.

ఇక యువకులు వేచియున్న ఘట్టమునకు వచ్చితిని: బలము పెంచుట. సులభోపాయమనుచు డీజిలు పంపు స్క్రూను తిప్పి ఇంధనమును పెంచువారు మనలో ఉన్నారు. గాలి పెరుగక డీజిలు మాత్రమే పెరిగినపుడు వెలువడు నల్లని పొగ బలమునకు గురుతు కాదు, కాలని డబ్బునకు గురుతు. ఆపైన పిస్టను నెత్తి కరుగుట మొదలగు నష్టములు వెంటవచ్చును. టర్బో బిగింతుమందురా, గాలిని కూరి పంపు ఆ యంత్రమునకు ఎడతెగని ఆయిలు ధార కావలెను. సిలిండరులో ఒత్తిడి పెరుగును గనుక హెడ్డు గాస్కెట్టు, బేరింగు షెల్లులు, క్లచ్చు ప్లేటు అన్నియు దానికి తగినవి కావలెను. పాత బోరుమీద టర్బో పెట్టుటను నేను సమర్థింపను. నాజిళ్ల ఒత్తిడి సరిచేయించి, పంపును కంపెనీ చెప్పిన కొలతకు కాలిబ్రేషను చేయించి, నాలుగు సిలిండర్ల కంప్రెషను సమముగనున్నదని నిర్ధారించుకొని, నిర్ణీతమైన కొలతలో రేడియలు టైర్లు వేయించినచో, బండి తాను పుట్టిననాటి బలమును తిరిగి పొందును. మూడవ చేతనో నాలుగవ చేతనో బండిని కొన్న యజమానులలో పెక్కుమంది ఆ బలమును ఎన్నడును చవిచూచినవారు కారు.

చట్టమును మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, ఆర్‌సీలోని వివరములకు భిన్నమగు మార్పు చేయుటకు వీలులేదు. ఇంజను మార్చదలచినను ముందుగ రవాణాశాఖ అనుమతి పొందవలెను. ఎనిమిదేండ్లు దాటిన సరకు బండికి ఏటేట ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. ఆ పరీక్షకు భయపడి ముందురోజు మాత్రము బ్రేకులు బిగించుటకంటె, దానినే సంవత్సరపు మరమ్మతునకు ముహూర్తముగ పెట్టుకొనుట మేలని నా యభిప్రాయము.

కొలతల సంస్కారము మన షెడ్లలోనికి ఎంతవరకు వచ్చినదని ఇందాక వాయిదా వేసిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పెదను. మన మేస్త్రీలకు చెవిచాతుర్యమున్నది, చేతిచలువయున్నది. ఇంజను శబ్దము విని ఏ సిలిండరు కుంటుచున్నదో చెప్పగలవారిని ఈ వీధిలోనే చూచితిని. లేనిది వ్రాత. ఏ బోరు ఎంత అరిగినది, క్రాంకును ఎంత గ్రైండు చేసిరి, షెల్లులు ఏ సైజువి వేసిరి అన్నది చేసినవాని జ్ఞాపకములో తప్ప మరెచ్చటను లేనందున, అతడు షెడ్డు మారిననాడు బండి చరిత్రయంతయు అతనితో వెడలిపోవుచున్నది. తరువాతి మేస్త్రీ మరల మొదటినుండి విప్పవలసివచ్చుచున్నది, ఆ ఖర్చు యజమాని నెత్తిన పడుచున్నది. కావున నేనొక్కటే కోరుచున్నాను: వచ్చే ఆయుధపూజనాటికి మీ పానాల పెట్టెలప్రక్కన, బండి నంబరు వారీగ కొలతలు వ్రాసిన పుస్తకమొకటి ప్రతి షెడ్డులోను ఉండవలెను, బండి యజమాని అడిగినపుడు ఆ పుట నకలును అతని చేతికి ఈయవలెను.