లెక్కకు అందని మాట
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, జర్నలిజం అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు యూనివర్సిటీలో ఏం చెబుతావురా?" అని వత్సవాయిలో నన్ను అడగనివాళ్లు లేరు. జర్నలిజం అంటే "అయితే మా వార్త పేపర్లో వేయిస్తావా?" అంటారు. నేను చెప్పేది గుణాత్మక పరిశోధన. ఆ పేరు విని మిగతావాళ్లది నాసిరకం పరిశోధన అనుకోకండి. ఎంతమంది అని అడిగేది ఒక పద్ధతి. ఎలా, ఎందుకు, వాళ్ల బతుకులో దానికున్న అర్థమేమిటి అని అడిగేది ఇంకొకటి. నాది రెండోది.

ఓ ఇంటికెళ్లి "అత్తా, టీవీ చూస్తావా?" అని అడగండి. "మనకెక్కడ కుదురుద్దయ్యా, చూడను" అంటుంది. ఫారంలో 'చూడరు' అని టిక్కు పడుతుంది. కాసేపు అక్కడే కూర్చుంటే తెలుస్తుంది, వంటింట్లోకి వినపడేలా సీరియల్ మోగుతూనే ఉంటుంది, కథంతా ఆవిడకు కంఠతా వచ్చు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. పని మానుకుని కూర్చుంటేనే 'చూడటం' అని ఆవిడ లెక్క. ఆ ఇంట్లో తీరుబడి ఎవరిది అన్న సంగతి ఆ ఒక్క మాటలో ఉంది.

డేవిడ్ మోర్లీ అనే పరిశోధకుడు 1986లో అచ్చయిన పుస్తకం కోసం దక్షిణ లండన్‌లో 18 కుటుంబాలతో మాట్లాడాడు. అక్కడా ఇంతే. మగవాళ్లు కదలకుండా చూస్తారు, ఆడవాళ్లు పనులు చేసుకుంటూ చూస్తారు. రిమోట్ ఎక్కువగా మగవాళ్ల చేతిలోనే. "పద్దెనిమిది ఇళ్లు సరిపోతాయా సార్?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు. నూటికి ఎంతమంది అని చెప్పడానికి చాలవు. రిమోట్‌కీ ఇంటి పెత్తనానికీ ఉన్న సంబంధం తెలుసుకోవడానికి చాలు.

మన దేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. దాని ఫలితాలు తెలుసుకోవడానికి పెద్ద సర్వేలు చేశారు. వాటితోపాటు కొన్ని పల్లెల్లో మానవశాస్త్ర పరిశోధకులను కాపురం పెట్టించారు. రాకెట్లు చేసే ఇస్రోవాళ్లకే ఊళ్లో కూర్చుని చూడాలన్న ఆలోచన వచ్చిందని చెబితే నా విద్యార్థులు నమ్మరు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ పాఠం. అక్కడి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 2008 అక్టోబర్ 15న మాచునూరులో సొంత రేడియో మొదలుపెట్టారు. వీడియో కెమెరా కూడా నేర్చారు. పైనుంచి కిందికి తీసే షాట్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు 'పటేల్ షాట్'. దొర మనల్ని చూసే తీరు అది. కింది నుంచి తలెత్తి తీసేది జీతగాడి చూపు. కంటికి కన్ను సమానంగా తీసేది 'సంఘం షాట్'. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వినోద్ పావరాల, కాంచన్ మలిక్ ఇలాంటి రేడియోల మీద ఏళ్ల తరబడి పనిచేసి 2007లో పుస్తకం తెచ్చారు. ఎవరినైనా ఇంటర్వ్యూ చేయబోయే ముందు మనది ఏ షాటో చూసుకోమని నా విద్యార్థులకు చెబుతాను. వాళ్లు మంచం మీద ఉంటే మనమూ మంచం మీద, అరుగు మీద ఉంటే అరుగు మీద. కుర్చీ తెప్పించుకున్నామా, పటేల్ అయిపోయినట్టే.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడి నుంచి కాస్త అటు వెళితే ఖమ్మం జిల్లా. చుట్టరికాలన్నీ అటూ ఇటూ కలిసే ఉన్నాయి. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు తెచ్చింది, తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. పల్లె వార్త అచ్చులోకి రావడానికి అదెంత పెద్ద మలుపో ఆస్ట్రేలియా ఆచార్యుడు రాబిన్ జెఫ్రీ రాశాడు. ఆయన మాట నిజమే. కానీ బోనకల్లులో మేనమామ పోతే ఆ వార్త వచ్చే పేజీ మన ఇంటికి రాదు. 2014కు ముందే పత్రిక మనల్ని విడదీసింది. 2022లో మనం ఎన్టీఆర్ జిల్లా అయ్యాం, పేజీ హద్దు మాత్రం అక్కడే ఉంది. ఇప్పుడు వాట్సాప్ ఆ హద్దును దాటుతోందా? ఎవరికి దాటుతోంది, ఫోను లేని ముసలమ్మకు ఎవరు చెబుతున్నారు? ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండును. దీనికి విదేశాలు వెళ్లనక్కర్లేదు, మక్కపేట, లింగాల చాలు.

ఇంకొక్క మాట, కమిటీ మిత్రులు ఏమీ అనుకోకూడదు. మన పూర్వ విద్యార్థుల జాబితా పదో తరగతి రిజిస్టర్ల నుంచి తయారైంది. ఏడులోనో ఎనిమిదిలోనో మానేసినవాళ్లు అందులో లేరు. మిరపకాయ కోతలకు వెళ్లి మళ్లీ బడికి రాని ఆడపిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. వాళ్లూ మన బెంచీల మీద కూర్చున్నవాళ్లే. వాళ్లను అడగకుండా ఈ బడి చరిత్ర రాస్తే అది పాసైనవాళ్ల చరిత్రే అవుతుంది.

కాబట్టి పిల్లల్లారా, ఒక్కొక్కరు ఇద్దరిని కలవండి. చెప్పడం ఇష్టమేనా అని ముందు అడగండి, వద్దంటే మంచినీళ్లు తాగి వచ్చేయండి. 'ఎందుకు మానేశారు?' అని మొదలుపెట్టకండి, అది నేరం అడిగినట్టుంటుంది. బడికెళ్లిన ఒక రోజు గురించి చెప్పమనండి. నలుగురిలో కాకుండా విడిగా అడగండి, పక్కన అత్తగారుంటే మాట వేరే వస్తుంది. వాళ్లన్న మాట అన్నట్టే రాయండి, 'గ్రాంథికం' చేయకండి. ఆ రాత్రే రాసేయాలి, తెల్లారితే సగం మీ మాటలే మిగులుతాయి. రాసింది వాళ్లకు చదివి వినిపించండి. కొట్టేయమన్నది కొట్టేయండి. పేర్లు వేయొద్దు.

దసరా సెలవుల్లో రెండు రోజులు నేను ఇక్కడే ఉంటాను. వచ్చేవాళ్లు నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకోండి. ఫోనులో రికార్డు చేయడం మూడోసారి వెళ్లినప్పుడు చూద్దాం.