రంపం మిషను – రెండు కవర్ల లెక్క
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం సాధారణంగా డి.ఏ. గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. నేను చెట్లు కోసే రంపం మిషను గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు మొదట నవ్వారు. తర్వాత ఆయనే, "కానీయండి, మనలో చాలామందికి ఊళ్లో తోటలున్నాయి కదా" అన్నారు.

విషయం ఏమిటంటే, కిందటి నెల మన సభ్యుడొకరు నన్నొక ప్రశ్న అడిగారు. ఆయన తోటలో ముసలి కొబ్బరిచెట్లు కొన్ని తీయించాలి, జీడిచెట్ల కొమ్మలు కొట్టించాలి. కొడుకేమో ముప్పైమూడు వేల మిషను కొందామంటాడు. ఈయనేమో ఏడు వేల లోపు దొరుకుతుండగా అంత ఎందుకంటారు. "మీరు ఆఫీసులో కొనుగోళ్ల సీటు చూసిన మనిషి, తీర్పు చెప్పండి" అన్నారు. అప్పటికప్పుడు నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ తీర్పు నేను ఇదివరకే ఒకసారి మా ఇంట్లో చెప్పాను. తప్పు చెప్పాను. దాని ఫలితాన్ని ఇప్పటికీ కళ్లారా చూస్తున్నాను. ఆ సంగతే ఈ రోజు తమకు మనవి చేస్తాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తెల్లవారు ఎలా ఉందో ఉద్దానం వాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. మా రెండెకరాల తోటలో పడిపోయిన చెట్ల కంటే నిలబడినవి లెక్కపెట్టడం తేలికైంది. దారులకు అడ్డంగా మానులు పడి ఉన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. గొడ్డలి పట్టే కూలీలు దొరకలేదు. మిషను ఉన్నవాడిని పిలుద్దామంటే వాడు పది ఊళ్లకు మాట ఇచ్చి కూర్చున్నాడు.

మా అన్నయ్య కొడుకు, తోట చూసుకునేది అతనే, నా దగ్గరకు వచ్చి "చిన్నాన్నా, మనమే ఒక మిషను కొనేద్దాం. మన తోట అయ్యాక ఊళ్లో పని కూడా చెయ్యొచ్చు. మంచిది కొందాం" అన్నాడు. డబ్బు పెట్టేది నేను. నలభై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? మూడు దుకాణాల్లో కొటేషన్లు అడిగించి, కాగితం మీద గీతలు గీసి కంపారిటివ్ స్టేట్‌మెంటు వేశాను. ఒకటి ముప్పైమూడు వేల అయిదువందలు, ఒకటి పద్దెనిమిది వేలు, ఒకటి ఆరువేల ఎనిమిది వందలు. మూడూ పెట్రోలువే, మూడింటికీ చైను ఉంది, మూడూ చెట్టు కోస్తాయి. చవకదాని డబ్బా మీదయితే 58 సీసీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. తక్కువ ధర ఖాయం చేశాను. కుర్రవాడు ఏమీ అనలేదు. పెద్దవాళ్లు చెప్పాక అనేదేముంటుంది!

మొదటి రెండు రోజులు పని బాగానే సాగింది. నేను చేసిన ఆదా గురించి మా ఇంటావిడ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను. మూడో రోజు మిషను చేయి జారి కిందపడి, ముందు హ్యాండిల్ ఎదుట ఉండే ప్లాస్టిక్ పలక విరిగింది. కొన్న దుకాణంలో ఆ ముక్క లేదు, తెప్పిస్తామన్నారు. పని ఆగకూడదని దాన్ని ఇనుప తీగతో కట్టాం. అది చేతికి దుమ్ము తగలకుండా పెట్టిన అడ్డు అనుకున్నాను నేను. అది బ్రేకు అని నాకు తెలియదు.

అయిదో రోజు సాయంత్రం, పడిపోయిన జీడిచెట్టు కొమ్మ కోస్తుండగా బారు కొన పక్కనున్న ఇంకో కొమ్మకు తగిలింది. ఆ కొన పై భాగంలో ఏదైనా తగిలితే చైను దాన్ని కోయలేక తట్టుకుంటుంది. ఆ తిరిగే బలమంతా బారును పైకీ, వెనక్కీ, అంటే మనిషి మీదకు విసురుతుంది. రెప్పపాటు కూడా పట్టదు. మిషను ఎగిరి కుర్రవాడి ఎడమ ముంజేతి మీద పడింది. పద్నాలుగు కుట్లు. రెండు నెలలు పని లేదు. ఈ రోజుకీ ఆ చేతి రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవు.

తప్పంతా చవక మిషనుదేనని నేను అనను. బారు కొన సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పొద్దుటినుంచీ పనిచేసి అలసిన చేతులు. విరిగిన పలకను తీగతో కట్టింది మేమే. కాని ఆ పలక సరిగా ఉండి ఉంటే, మిషను ఎగిరిన విసురుకు అది ముందుకు పడేది. లోపలి ఉక్కు పట్టీ డ్రమ్మును బిగించి క్షణంలో చైనును ఆపేది. అంత చిన్న సంగతి.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు నాకు ఆఫీసు గుర్తుకు వచ్చింది. పెద్ద కొనుగోళ్లకు రెండు కవర్ల పద్ధతి ఉండేది, మీలో చాలామందికి తెలుసు. మొదటి కవరులో సాంకేతిక వివరాలు, రెండో కవరులో ధర. మొదటి కవరు నెగ్గినవాడి ధర కవరే విప్పుతాం. నెగ్గనివాడు రూపాయికి ఇస్తానన్నా ఆ కవరు విప్పం. ఎన్ని ఫైళ్లలో ఆ నోటు రాశానో! నా ఇంటి విషయంలో మాత్రం మొదటి కవరు విప్పకుండానే రెండోది విప్పేశాను.

ఇప్పుడు ఆ మొదటి కవరులో ఏముండాలో చెబుతాను.

మొదటిది బ్రేకు. దుకాణంలోనే స్టార్టు చేయించి, చైను తిరుగుతుండగా దుకాణం మనిషి చేతనే ముంజేత్తో పలకను ముందుకు నెట్టించి చూడాలి. చైను తక్షణం ఆగాలి. ఆగకపోతే నమస్కారం పెట్టి బయటకు రావాలి.

రెండోది, వెనక హ్యాండిల్ మీద ఇంకో మీట ఉండాలి. అరచేతితో అది నొక్కితేనే యాక్సిలరేటరు పడాలి. చైను తెగితే మనిషి మీదకు రాకుండా పట్టే కొక్కెం అడుగున ఉండాలి.

మూడోది అదురు. మంచి మిషనులో హ్యాండిల్‌కూ ఇంజనుకూ మధ్య రబ్బరు ముక్కలో స్ప్రింగులో ఉంటాయి. ఏళ్ల తరబడి అదురు తిన్న చేతుల్లో రక్తనాళాలు, నరాలు దెబ్బతిని, చలికి వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కుతాయి. రోజూ పనిచేసేవాడికి ఇది చిన్న విషయం కాదు.

నాలుగోది స్పేర్లు. ఆ మిషను విప్పి బిగించగల మెకానిక్కు, దాని ముక్కలు అమ్మే దుకాణం మనకు బస్సు దూరంలో ఉండాలి. ఆన్‌లైన్లో తెప్పించిన మిషనుకు ముక్క కావాలంటే మళ్లీ ఆన్‌లైన్లోనే వెతుక్కోవాలి.

అయిదోది ధరలో కనిపించనిది. ముఖానికి జాలీ, చెవులకు మూతలు ఉన్న హెల్మెటు, రంపం తగిలితే లోపలి పీచు చైనుకు చుట్టుకుని ఆపే ప్యాంటు, గట్టి బూట్లు. చెప్పులతో, లుంగీ ఎగ్గట్టి మిషను పట్టేవాళ్లను రోజూ చూస్తున్నాం. ముప్పై వేల మిషనైనా లుంగీని కాపాడలేదు.

ఇంకొక మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఖరీదు పెట్టినంత మాత్రాన కోత రాదు. కోసేది ఇంజను కాదు, చైను. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన ఉండేవాడు. చెట్లు కొట్టే పనివాడు. మోడును తొలుస్తున్న పురుగొకటి దవడలతో ఎడమకూ కుడికీ కొరుకుతూ పోవడం గమనించి, అదే తీరున పళ్లున్న చైను తయారుచేసి 1947లో అమ్మకం మొదలుపెట్టాడు. నేటి చైనుల పళ్లకు మూలం అదే. ఆ పళ్లు మొద్దుబారితే ఏ కంపెనీ మిషనూ పనిచేయదు. కోసినప్పుడు పెళుసుల్లాంటి ముక్కలు రాలితే చైను పదునుగా ఉన్నట్టు. పిండిలా పొట్టు రాలితే ఆకురాయి పట్టాలి. మన కొబ్బరి మాను పీచుది, మొదట్లో ఇసుక పట్టి ఉంటుంది. నేలకు తగిలిస్తే నిమిషంలో పదును పోతుంది. కనుక ఆ చైను కొలతకు సరిపోయే గుండ్రటి ఆకురాయి ఒకటి, అదనంగా ఒక చైను తప్పక ఉండాలి.

ఇక రెండో కవరు. నా దగ్గరున్న కొటేషన్ల ప్రకారం ఖరీదుదానికీ చవకదానికీ తేడా ఇరవై ఆరువేల ఏడువందలు. మా కుర్రవాడు ఏడాదికి అరవై రోజులు పని చేస్తాడు. అయిదేళ్లకు మూడువందల రోజులు. తేడాను పంచితే రోజుకు ఎనభై తొమ్మిది రూపాయలు. మేం కొన్న చవక మిషను రిపేరుకు పోయి పని ఆగిన ప్రతి రోజూ అతను పోగొట్టుకున్నది దానికి ఎన్నో రెట్లు. అతనికి ఖరీదుదే చవక.

అదే నా సంగతి చూడండి. నా తోటకు ఏడాదికి నాలుగు రోజుల పని. అయిదేళ్లకు ఇరవై రోజులు. ముప్పైమూడు వేల అయిదువందలను ఇరవైతో భాగిస్తే రోజుకు పదహారువందల డెబ్భై అయిదు. పెట్రోలు, ఆయిల్, చైను దీనికి అదనం. మా ఊళ్లో మిషనుతో సహా మనిషి రెండు వేలకు వస్తాడు. పైగా ఏడాదిలో మిగతా రోజులన్నీ మూలన పడి ఉన్న మిషను ఊరుకోదు. ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో వదిలేస్తే కార్బురేటరు పాడవుతుంది. కలిపే ఆయిల్ కూడా మిషను పుస్తకంలో రాసిన పాళ్లలోనే ఉండాలి. లీటరుకు ఇరవై మిల్లీలీటర్లు అన్నచోట నలభై పోసినా, నలభై అన్నచోట ఇరవై పోసినా ఇంజనుకు చేటే. నాలుగు రోజుల పనికి ఈ సంసారమంతా ఎందుకు?

కావున, అడిగిన సభ్యుడికి నా తీర్పు ఇది. పెద్ద పనికి మీరు చవకదీ కొనవద్దు, ఖరీదుదీ కొనవద్దు. మనిషిని పిలిపించండి. ఇంటి పెరట్లో చిన్న కొమ్మలకు కావాలంటే కరెంటుదో బ్యాటరీదో చిన్న మిషను చాలు, దానికీ మొదటి కవరు చూడండి. డెబ్భై దాటిన మనం మాత్రం ఏ మిషనూ పట్టవద్దు, నిచ్చెన అసలే ఎక్కవద్దు. మీ ఇంట్లో దీని మీద బతికే కుర్రవాడుంటే, ఖరీదుది కొనివ్వండి, బేరం ఆడకుండా కొనివ్వండి.

పిలిపించిన మనిషికి కూడా మొదటి కవరు వర్తిస్తుంది. అతని మిషనుకు బ్రేకు పడుతోందో లేదో అడిగి చూడండి. వందో రెండొందలో తక్కువకు వస్తానన్నాడని తీగ కట్టిన మిషనును మన తోటలోకి రానీయవద్దు. కూలి మనమిచ్చినా చేయి అతనిదే.

2021లో నాదొక ఫిక్సెడ్ డిపాజిట్ గడువు తీరితే, ఆ డబ్బుతో మా కుర్రవాడికి ఖరీదు మిషను కొన్నాం. ఈసారి కొటేషను అడగలేదు, బ్రేకు అడిగాను. రెండేళ్ల తర్వాత ఒక సాయంత్రం అతను పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, మామూలుగా అన్నాడు: "చిన్నాన్నా, ఈ రోజు మిషను ఎగిరింది. బ్రేకు పడింది." అంతే. లోపలికి వెళ్లి అన్నం తిన్నాడు. ఆ ఇరవై ఆరువేల ఏడువందలు నాకు ఆ పూటే వసూలైపోయాయి.