పాత బండి – రిజిస్ట్రేషను బకాయి
(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో వెన్న శాతం గురించీ, దాణా గురించీ, గాలికుంటు టీకాల గురించీ మాట్లాడుకోవడం రివాజు. ఈ రోజు మాత్రం మీ గొడ్లచావిడి పక్కన నిలబెట్టి ఉన్న పాత మోటారు సైకిలు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శులు కోరారు. కోరడానికి కారణం ఉంది. తెల్లవారుజామున రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని పాల కేంద్రానికి వచ్చే బండ్లలో చాలా వాటికి రిజిస్ట్రేషను గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ సంగతి బండి గలవారిలో కొందరికి తెలియదు. తెలిసినవారు చూద్దాంలే అనుకుంటున్నారు.

"లైఫ్ ట్యాక్సు కట్టాం గదండీ, ఇంకేమిటి?" అని అడుగుతారు. ఇక్కడే ఉంది తిరకాసు. లైఫ్ ట్యాక్సు అనేది పన్ను. రిజిస్ట్రేషను వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షను ప్రకారం సొంత వాడకపు బండికి సీ-బుక్కు ఇచ్చిన నాటినుంచి 15 సంవత్సరాలే రిజిస్ట్రేషను చెల్లుతుంది. ఆ తరువాత బండిని ఇన్‌స్పెక్టరుకు చూపించి రెన్యూవలు చేయించుకుంటే మరో 5 సంవత్సరాలు. ఆ అయిదూ గడిస్తే మళ్ళీ చేయించుకోవాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటికి వెళ్ళగానే సీ-బుక్కు తీసి తేదీ చూడండి.

గడువు దాటితే ఏమవుతుంది? మోటారు సైకిలుకు నెలకు 300 రూపాయలు, కారు, జీపు వగైరా సొంత బండ్లకు నెలకు 500 రూపాయలు ఆలస్య రుసుము పడుతుంది. నెల మీద ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్క. ఇది అసలు రెన్యూవలు రుసుముకు అదనం. ఆ రుసుము కూడా మునుపటిలా లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన మోటారు సైకిలుకు 1,000, కారుకు 5,000 చేశారు. 2025 ఆగస్టులో నియమాలు మళ్ళీ సవరించి, 20 ఏళ్ళు దాటిన మోటారు సైకిలుకు 2,000, కారుకు 10,000 చేశారు. రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్సు దీనికి పైన.

కాగితం మీద లెక్క వేద్దాం. బండికి 18 ఏళ్ళు, గడువు తీరి మూడేళ్ళు అయిందనుకోండి. 36 నెలలకు ఆలస్య రుసుము 10,800. రెన్యూవలు 1,000. మొత్తం 11,800. అదే 21 ఏళ్ళ బండి అయి, 15 ఏళ్ళు నిండాక ఒక్కసారీ ఆఫీసుకు పోకపోతే 72 నెలలు, 21,600. దానికి 2,000 కలిపితే 23,600. ఆ బండిని సంతలో పెడితే అంత వస్తుందా? రాదు. నెల నెలా 300 అంటే చిన్న మొత్తంగానే కనబడుతుంది. ఈనిన గేదెకు దాణా కొనేవాడికి అది చిన్నది కాదు. బండి రోడ్డెక్కిందా, పాకలో పడి ఉందా అని ఈ లెక్క చూడదు. చిన్న రైతు విషయంలో ఇది కఠినమనే నా అభిప్రాయం. సంఘాలన్నీ కలిసి ప్రభుత్వానికి వినతి ఇవ్వాలంటే నేనూ సంతకం పెడతాను. అయితే రేపో మాపో మాఫీ వస్తుందని కూర్చుంటే ఈలోగా నెలలు ఆగవు.

ఇక అసలు ప్రమాదం రుసుములో లేదు. రిజిస్ట్రేషను లేని బండి నడిపితే చట్టం 192వ సెక్షను కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 దాకా జరిమానా. అదీ ఒక రోజుతో పోయే నష్టం. బీమా సంగతి అలా కాదు. 2014లో సుప్రీం కోర్టు నరీందర్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. ఆయన కొన్నది మహీంద్రా పికప్ వ్యాను, మన పాల రూట్లలో తిరిగేలాంటిదే. తాత్కాలిక రిజిస్ట్రేషను 2006 జనవరి 11తో ముగిసింది. ఫిబ్రవరి 2న ప్రమాదం జరిగింది. మధ్యలో మూడు వారాలే. బీమా ఉంది, ప్రీమియం కట్టి ఉంది. అయినా రిజిస్ట్రేషను లేకుండా రోడ్డెక్కించడం షరతులను మూలంలోనే ఉల్లంఘించడమని చెప్పి, బండికి జరిగిన నష్టం బీమా కంపెనీ ఇవ్వనక్కరలేదన్నారు. మూడు వారాలకే అట్లా అయితే మూడేళ్ళ మాట మీరే ఆలోచించుకోండి.

ఇంకొకటి, మన ఊళ్ళలో మరీ ఎక్కువ. బండి అమ్మేస్తాం, డబ్బు తీసుకుంటాం, సీ-బుక్కు చేతిలో పెడతాం. పేరు మారదు. కొన్నవాడు ఇంకొకడికి అమ్ముతాడు. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు ఏమన్నదంటే, వాహనం ఎన్ని చేతులు మారినా రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదే అని. అందులో మొదటివాడు బండి అమ్మింది 2007లో, ప్రమాదం జరిగింది 2009లో. మీరు అమ్మిన బండి రేపల్లెలో ఎవరినో గుద్దితే నోటీసు తెనాలిలో మీ గుమ్మానికి వస్తుంది. అమ్మినవారు రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో ఆఫీసుకు తెలపాలి. దానికి 29, 30 నంబరు ఫారాలున్నాయి.

తండ్రి పేరున ఉండి, ఆయన కాలం చేసిన తరువాత కొడుకు నడుపుతున్న బండ్లు కూడా ఉన్నాయి. వారసులు 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లోగా 31వ నంబరు ఫారంతో పేరు మార్పించుకోవాలి. ఆలస్యమైందని మానుకోవద్దు. ముందు పేరు మార్పు సంగతి తేల్చుకుంటే రెన్యూవలు దారి సులువవుతుంది. నామినీ పేరు రాసే వీలు 2021లో వచ్చింది. ఆడవాళ్ళు ఇది గుర్తు పెట్టుకుని ఇంట్లో అడగాలి.

మరి ఏం చేయాలి? బండి పనికొచ్చేదైతే బీమా, పొల్యూషను సర్టిఫికెట్టు తీసుకుని, 25వ నంబరు ఫారంతో దరఖాస్తు పెట్టి, బండి చూపించాలి. ఇంజను నంబరు, చాసిస్ నంబరు తుప్పు కింద కనబడకపోతే అక్కడే ఆగిపోతుంది. ముందు రోజే కిరోసిను గుడ్డతో తుడిచి చూసుకోండి. సీ-బుక్కు పోతే పోలీసు స్టేషనులో రాయించి, 26వ ఫారంతో నకలు తీసుకోవాలి. బండి ఇక పనికిరాదనుకుంటే 55వ సెక్షను కింద ఆ సంగతి రాసి ఇచ్చి రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవాలి. అలా చేయకుండా పాత ఇనుము వాడికి తోస్తే, ఆ నంబరు మీ పేరునే ఉంటుంది. రద్దుకు ముందు కట్టవలసిన బకాయి ఎంతో ఆఫీసులోనే అడగండి, గేటు దగ్గర నిలబడ్డవాడిని అడగవద్దు.

జిల్లాల గురించి ఒక మాట. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె, వేమూరు, భట్టిప్రోలు అటు వెళ్ళాయి, తెనాలి గుంటూరులోనే ఉంది. సీ-బుక్కులో గుంటూరు అని ఉందనీ, నంబరు ఏపీ 07 అనీ కంగారు పడవద్దు. జిల్లా మారినంత మాత్రాన పాత నంబరు చెల్లకుండా పోదు.

పాలు రవాణా చేసే ఆటోలు, వ్యాన్లు గలవారికి లెక్క వేరు. వాటికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకోసారి, తరువాత ఏటా తీసుకోవాలి. దానికి ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు. నెలకు 1,500 అన్నమాట.

వచ్చే పాల బిల్లు రోజున ప్రతి సభ్యుడూ సీ-బుక్కు జిరాక్సు తీసుకుని కేంద్రానికి రావాలి. గడువు తేదీలు కార్యదర్శి ఒక పుస్తకంలో రాసుకుంటారు. ముందు పాలు మోసే బండ్లవి చూస్తాం. ఇక ఎవరికైనా సందేహాలుంటే అడగండి.