లోకాభిరామాయణము - గురువారపు గోష్ఠులు

(మన సంఘపు వారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

వైజ్ఞానిక కల్పనా కథలను అభిమానించువారు నలుగురు కూడినప్పుడు ఏమి మాటలాడుకొందురు? గ్రహాంతర యానమును గూర్చియే యని మనము తలంతుము. కాని రాకెట్టుతో మొదలైన మాట ఇంటి అద్దెకును, అద్దెనుండి సినిమాకును, సినిమానుండి పంటినొప్పికిని పోవుట వారికిని మామూలే. దీనినే మన పెద్దలు లోకాభిరామాయణ మనిరి. మన భాష మనుగడ ఇట్టి మాటలతో ముడివడి యున్నదని మా నమ్మకము. కావుననే వారి కథను మీకు మనవి చేయదలచితిమి.

1926 ఏప్రిల్ నెలలో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అను సంపాదకుడు న్యూయార్కున 'అమేజింగ్ స్టోరీస్' అను పత్రికను స్థాపించెను. పాఠకుల ఉత్తరములను చిరునామాలతో సహా అచ్చొత్తుట ఆ పత్రిక ఆచారమయ్యెను. ఊరికొకరుగా ఒంటరిగా చదువుకొనుచున్న అభిమానులు వానిని చూచి ఒండొరులకు జాబులు వ్రాసికొనిరి, పిమ్మట కలిసికొనిరి. చెదరియున్న వారిని చేర్చినది ఆ రెండు పంక్తుల చిరునామాయే.

1934లో లాస్ ఏంజిలిసు నగరమున వెలసిన సంఘము ప్రతి గురువారము కూడుచు దశాబ్దములు గడిపినది. తొలినాళ్లలో వారు కూడిన చోటు క్లిఫ్టన్స్ అను ఫలహారశాల. డబ్బు లేనివానిని సైతము ఆకలితో పంపకుండుట ఆ శాల నియమము. ఆర్థికమాంద్యము దేశమును పీడించుచున్న ఆ దినములలో ఇది సామాన్యమైన మేలు గాదు. 1937లో పదునేడేండ్ల బాలుడొకడు ఆ గోష్ఠిలో చేరెను. అతడే తరువాత ప్రఖ్యాతుడైన రే బ్రాడ్‌బరీ. కళాశాల మెట్లెక్కని ఆతనికి, తనవంటి అభిరుచి గలవారి నడుమ కూర్చుండి మాటలాడు భాగ్యము అచ్చట లభించెను.

లండనున 1946 మొదలు గురువారపు రాత్రులు ఫెటర్ లేన్ వీథిలోని వైట్ హార్స్ అను పానశాలలో గోష్ఠి జరిగెడిది. పానశాల యనగానే పెద్దలు బొమ ముడువనక్కరలేదు. మనకు కాఫీ చాలును. అవి రొట్టెకు సైతము రేషను విధింపబడిన దినములు. సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలుపు ఉపగ్రహములచే ప్రపంచమంతటికి వార్తలు ప్రసారము చేయవచ్చునని 1945లోనే వ్రాసిన ఆర్థర్ సి. క్లార్క్ ఆ బల్లల చుట్టు కూర్చున్నవారిలో ఒకడు. ఆ ముచ్చటలే ప్రేరణగా 1957లో ఆయన కథాసంపుటి నొకదానిని ప్రకటించెను. శాల నడుపువాడు 1953లో హాటన్ గార్డెన్ ప్రాంతపు గ్లోబ్ అను శాలకు మారగా, గోష్ఠియంతయు ఆతని వెంటనే తరలెను. గోడలు మారినను మాట తెగలేదు.

వారిలో కలహములు లేకపోలేదు. 1939 జూలైలో న్యూయార్కున జరిగిన ప్రథమ ప్రపంచ సమ్మేళనమున, నిర్వాహకులు ప్రతిపక్షమువా రార్గురిని లోనికి రానీయలేదు. అందు ఫ్రెడరిక్ పోల్, డోనాల్డ్ వోల్‌హైమ్ వంటి ఉత్తరోత్తరా పేరుగాంచినవారును కలరు. పదవులు, తీర్మానములు మనుష్యులను విడదీయగలవు. వారము వారము కలిసి కూర్చుండుటకు తీర్మానముతో పని లేదు.

ఇక మన సంగతి. మదురై, హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురము మొదలగు చోట్ల మనవారు తరతరములుగా స్థిరపడియున్నారు. ఉగాది సభలో మన బిడ్డ పద్యమును చక్కగా అప్పగించును, చప్పట్లు కొట్టుదుము. వేదిక దిగినంతనే తోటివానితో అరవముననో, కన్నడముననో, ఒడియాలోనో, మరాఠీలోనో ఆటల ముచ్చట మొదలిడును. ఆ భాషలపై మనకు అసూయ లేదు. అవి మనకు అన్నము పెట్టిన భాషలు. కాని అమ్మను అన్నమడుగుటకును, పండుగనాడు పద్యము చదువుటకును మాత్రమే తెలుగు మిగిలినచో, బిడ్డకు అందు పరిహాసమాడుట రాదు, వాదించుట రాదు, క్రికెట్టును గూర్చియో చంద్రుని గూర్చియో నాలుగు మాటలనుట రాదు. తప్పు బిడ్డది గాదు. ఆ విషయములను వానితో తెలుగున ముచ్చటించిన పెద్దలెందరు?

కావున మా మనవి యిది. వారమునకొక సాయంకాలము, మార్పులేని వేళ, మార్పులేని చోటు. అధ్యక్షుడు వలదు, పూలదండలు వలదు. మాట ఎటు పోయిన అటు పోనిండు. కూరల ధరనుండి నక్షత్రములకు పోయినను మేలే. బిడ్డల పలుకున అరవపు యాసయో, కన్నడపు మాటయో దొరలినచో నవ్వకుడు. ఒకమారు నవ్వినచో ఆ బిడ్డ మరల నోరు విప్పడు. దూరముననున్న ఒంటరి కుటుంబములవారు సమ్మతించినచో, వారి చిరునామాలను ఈ పత్రికలో ప్రకటింతుము. పొరుగూరి తెలుగువారు జాబు వ్రాయుదురు గాక.

వచ్చు గురువారము సాయంకాలము 6 గంటలకు సంఘపు వసారాలో చాపలు పరచి యుంచెదము. పిల్లలను వెంటబెట్టుకొని దయచేయుడు.