మూగజీవం పేరిట మనిషి వేట

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇంట్లో కుక్కనో పిల్లినో పెంచుకోవడం మనకు కొత్తేమీ కాదు. తాము తినబోయే ముందు ఓ ముద్ద తీసి పెరటి గుమ్మం దగ్గర పెట్టే అలవాటు మన అమ్మమ్మల నాటినుంచీ ఉన్నదే. అలాంటి నోరులేని జీవాన్ని ఎవరైనా హింసించారని వింటే కడుపు మండుతుంది. మండాలి కూడా. అయితే ఆ మంట ఎటు పోతోంది, ఎవరిని కాలుస్తోంది అన్నదే ఈవేళ మీతో చెప్పుకోదలచిన మాట.

2010 ఆగస్టులో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో ఒక సంఘటన జరిగింది. ఒక బ్యాంకు ఉద్యోగిని వీధిలో నడిచి వెళుతూ, గోడ మీదున్న పెంపుడు పిల్లిని కాసేపు నిమిరింది. నిమిరి, అటూ ఇటూ చూసి, దాన్ని ఎత్తి పక్కనున్న చెత్తడబ్బాలో వేసి మూత పెట్టి వెళ్లిపోయింది. పిల్లి పదిహేను గంటలపాటు ఆ చీకట్లోనే ఉంది. దాని అరుపు విని ఇంటివాళ్లు బయటికి తీశారు. అదృష్టవశాత్తూ దానికి దెబ్బలేమీ తగల్లేదు. ఇంటి ముందు కెమెరాలో ఇదంతా రికార్డయింది. ఇంటివాళ్లు ఆ దృశ్యాన్ని ఇంటర్నెట్లో పెట్టారు.

అంతే! ఆవిడెవరో, ఎక్కడ పనిచేస్తుందో రెండు మూడు రోజుల్లో లోకమంతటికీ తెలిసిపోయింది. పిల్లిని చూడనివాళ్లు, ఆ ఊరి పేరు విననివాళ్లు కూడా ఆమెను చంపాలంటూ రాశారు. చివరికి ఆమె ఇంటి దగ్గర పోలీసులు కాపలా ఉండవలసి వచ్చింది. ఆ అక్టోబరులో కోర్టు 250 పౌన్ల జరిమానా, ఖర్చులు విధించి, అయిదేళ్లపాటు ఏ జంతువునూ పెంచుకోకూడదని ఆజ్ఞాపించింది. ఆమె తప్పు ఒప్పుకుంది. ఆ రోజుల్లో ఆమె తండ్రి తీవ్రమైన జబ్బుతో ఉన్నాడని న్యాయవాది చెప్పారు. లోకం ఆమెను దుమ్మెత్తి పోసిన సంగతిని కూడా లెక్కలోకి తీసుకున్నానని న్యాయమూర్తి అన్నారు.

ఆమె చేసింది తప్పే. సందేహం లేదు. ఆ తప్పుకు తగిన శిక్ష ఎంతో న్యాయస్థానం తూచి చెప్పింది. కానీ గుంపు దగ్గర త్రాసు ఉండదు కదండీ! చెంపదెబ్బకు సరిపోయే తప్పుకు ఉరితాడు అందిస్తుంది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, ఒక్కొక్కరూ ఒక్కొక్క మాటే అన్నామనుకుంటారు. అవన్నీ పడేది మాత్రం ఒక్క మనిషి నెత్తిన.

ఎక్కడో సీమలో జరిగిన సంగతి మనకెందుకు అంటారేమో. మా ఇంటి సంగతే చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

మేముండే అపార్టుమెంటులో కింది వాటాలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఆవిడకు ఒక కుక్క. కొన్నాళ్లుగా దాని ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. బాల్కనీలో పడుకుని ఉంటే ఎవరో ఫొటో తీసి, "కుక్కను పస్తులు పెట్టి చంపుతోంది" అని వాట్సాప్‌లో పెట్టారు. నాకు ప్రాణం ఉసూరుమంది. "ఇలాంటివాళ్లకు కుక్కలెందుకు?" అని ఒక ముక్క తగిలించి, మా చెల్లెలికీ, మరో పదిమందికీ పంపాను. సాయంత్రానికి చిలవలు పలవలు పుట్టాయి. వాతలు పెడుతుందట, చీకటి గదిలో కట్టేస్తుందట! కుర్రాళ్లు రాత్రిపూట ఆవిడ తలుపు బాది పారిపోయేవారు. పనిమనిషి మానేసింది.

అయిదో రోజున వాచ్‌మన్ భార్య నాతో అంది: "అమ్మగారూ, ఆ కుక్కకి పదమూడేళ్లు. కిడ్నీలు పోయాయంట. డాక్టరు నేర్పితే ఆమె రోజూ తన చేత్తోనే సెలైను ఎక్కిస్తన్నారు. అది తినకపోతే ఆమె కూడా తినట్లేదు."

నా కాళ్లలో సత్తువ పోయింది. వెళ్లి తలుపు తట్టాను. తీయడానికి భయపడింది పాపం. క్షమించమని అడిగితే ఆవిడ ఒక్క మాటే అంది: "మెట్లు దిగి వచ్చి ఒక్కరైనా నన్ను అడగలేదేం అమ్మా?"

పదిరోజులకు కుక్క పోయింది. తర్వాత ఆవిడ ఆ వాటా ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. నిజం ఇదీ అని నేను మళ్లీ అందరికీ రాశాను. మొదటిది పంచినంత హుషారుగా రెండోదాన్ని ఎవరూ పంచలేదు.

అయితే కళ్లెదుట హింస జరుగుతుంటే నోరు మూసుకోవాలా? వద్దు. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి కుక్కను మేడ మీద నుంచి విసిరేస్తే, ఆ వీడియో బయటికి రాబట్టే పోలీసు కేసయింది. గాయాలతో ప్రాణాలతో ఉన్న కుక్కను వెతికి పట్టుకోగలిగారు. సాక్ష్యం చెడ్డది కాదు. దాన్ని ఎవరి చేతికి ఇస్తున్నామన్నదే ముఖ్యం.

మనకు 1960 నుంచీ జంతుహింస నివారణ చట్టం ఉంది. కొట్టడం, పస్తులు పెట్టడం, కురచ గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను బయట తిప్పకపోవడం కూడా అందులో నేరాలే. తొలి తప్పుకు అందులో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. ఇంత చిన్న శిక్షేమిటని జనానికి ఒళ్లు మండడంలో న్యాయం ఉంది. కానీ 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. మనిషిని చంపుతానని బెదిరించడమూ నేరమేనని మరవకండి.

అందుచేత నా మనవి ఇదీ. అనుమానం వస్తే ముందు వెళ్లి అడగండి. "కుక్కకు ఒంట్లో బాగాలేదా అండీ?" అన్న ఒక్క ప్రశ్నతో సగం సంగతి తేలుతుంది. నిజంగా హింసే అయితే తేదీ, వేళ రాసుకోండి. ఫొటో ఉంటే పోలీసులకు, పశువైద్యుడికి, జంతు సంక్షేమ సంఘం వారికి ఇవ్వండి. వీధికి ఇవ్వకండి. ముందుగా ఆ జీవానికి గుక్కెడు నీళ్లు, వైద్యం అందేలా చూడండి. గొడవలో మనం మరిచిపోయేది దాన్నే.

ఇప్పుడు నా ఫోనుకు అలాంటి ఫొటో ఏది వచ్చినా ఆ పెద్దావిడ మాటే చెవిలో వినిపిస్తుంది. అది మీకూ వినిపించాలనే ఇదంతా చెప్పాను.

సెలవు.